ఓడ గడప

పోచంపాడ్ కట్ట మీద చేపలమ్మే ఆడవాళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు. "గామెనే, ఓడకు అడ్డం నిలవడ్డామె" అని చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆ రోజు అడ్డం నిలబడకపోయి ఉంటే నా కడుపులో మంట ఈ జన్మకు చల్లారేది కాదు. నిలబడ్డా పూర్తిగా చల్లారలేదన్నది వేరే సంగతి.

మాది ఆర్మూర్. పసుపు పండిస్తాం. మాకు నీళ్లంటే బోరు నీళ్లు, కాలువ నీళ్లు. సముద్రమంటే టీవీలో చూసేది. అలాంటి మాకు ఓడ గొడవ ఎలా చుట్టుకుందంటే, ఆ ఏడు వానలు తగ్గగానే హైదరాబాద్ నుంచి ఒక వారసత్వ సంస్థ వచ్చి పోచంపాడ్‌లో దిగింది. శ్రీరాంసాగర్ నీటి ఒడ్డున రేకుల షెడ్డు వేసి, శాతవాహనుల నాణెం మీది ఓడను చూసి అలాంటిదే కట్టడం మొదలుపెట్టింది. రెండు తెరచాప కొయ్యలు, ముక్కుకు అటూ ఇటూ పెద్ద పెద్ద కళ్లు. ఎక్కడా మేకు లేదు. పలకకు పలక ఆనించి, రంధ్రాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేయడమే. వెనకటికి మన ఓడలు అలా కుట్టినవేనట, వాటి మీదే మన సరుకు దూర దేశాలకు పోయేదట.

ఓడ కట్టడమే కాదు, పిల్లలకు ఓడ చదువు కూడా చెబుతామన్నారు. మా అమ్మాయి దీక్షిత చదివే బడి నుంచి పదిమంది ఆడపిల్లలను ఎంచుకున్నారు. ప్రతి ఆదివారం వ్యాను వచ్చి తీసుకుపోతుంది. తాళ్లు ముడివేయడం, తెరచాప ఎత్తడం, చుక్కాని పట్టడం, చూడవచ్చినవాళ్లకు ఓడ కథ చెప్పడం నేర్పుతారు. ప్రారంభం నాడు ఓడ నడిపేది ఈ పదిమందే. ఈ మాట అన్నది ఆ సంస్థలో చదువుల వ్యవహారం చూసే దయాకర్ సారు. తల్లిదండ్రులను బడికి పిలిపించి, మైకు పట్టుకుని మరీ అన్నాడు.

"మీ పిల్లలే ఈ ఓడకి కెప్టెన్లమ్మా! ఫస్ట్ సెయిలింగ్ వాళ్లదే. నాది గ్యారంటీ."

నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని మాట్లాడినట్టు ఉండేది ఆయన మాట. మేమంతా చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను.

ఇంట్లో మాత్రం చప్పట్లు కొట్టేవాళ్లు లేరు. దీక్షితది పదో తరగతి, పైగా పసుపు తవ్వే కాలం. తవ్వాలి, కొమ్ము వేరు, గుండ్రటి గోళ వేరు చేయాలి, ఉడకబెట్టాలి, కల్లంలో ఆరబోసి తిరగేస్తూ ఉండాలి. ఒక్క మనిషి తగ్గినా పని ఎక్కడిదక్కడే ఉంటుంది. మా మామ ముత్తెన్న వింటూనే ఒంటికాలి మీద లేచాడు.

"పసుపు ఇడిసిపెట్టి పడవలెక్కుతదా? మన ఇంట్ల ఈతొచ్చినోడు ఒక్కడన్న ఉన్నడా?"

"ఈత గూడ నేర్పుతరట తాతా" అంది దీక్షిత.

"నేర్సి ఏం జేస్తవ్? కల్లంల ఈదుతవా?"

"విశాఖపట్నంల ఓడల ఫిట్టర్ చదువున్నది తాతా. పది పాసైతే చేర్చుకుంటరట. నేను గాడికి పోత."

ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. మా అత్త నీలవ్వ చెరుగుతున్న చాట ఆపేసింది. మా ఆయన లోకేశ్ తండ్రి ముందు నోరు తెరిచే మనిషి కాదు. ఎప్పటిలాగే ట్రాక్టరుకు ఏదో అయిందంటూ బయటికి నడిచాడు. మామ మనవరాలిని కాసేపు ఎగాదిగా చూశాడు.

"మంచిది. నువ్వు ఓడ నడుపుతుంటే నా రెండు కండ్లతోని చూస్త. చూసిన్ననుకో, నేనే తోల్కపోయి విశాఖపట్నంల దింపుత. చూడకపోతే గీ ముచ్చట గీ ఇంట్ల మల్ల రావొద్దు. ఈడ్నే కాలేజీల చేరాలె, కల్లం చూస్కోవాలె. సరేనా?"

"సరే" అంది మా పిల్ల, అదేదో చిన్న మాటైనట్టు.

మామ మాటిస్తే తప్పడు. పట్టు పట్టినా విడవడు. ఆ రోజు నుంచి నా పిల్ల బతుకంతా ఆ ఓడ మొదటి ప్రయాణం మీద పెట్టేసినట్టయింది.

దీక్షిత జట్టులో సువార్త అని ఇంకో పిల్ల ఉంది. వాళ్లమ్మ ఆశమ్మ మార్కెట్ యార్డులో పసుపు సంచుల మూతులు కుడుతుంది. బడి వదలగానే సువార్త కూడా పోయి తల్లి పక్కన కూర్చుని కుట్టేది. ఆదివారాలు ఓడకు పోయాక చదువుకోవడానికి ఆ సాయంత్రాలే మిగిలాయి. ఆశమ్మకు ఏం చేయాలో తోచలేదు. అటు నాకు ఆదివారాలు కల్లంలో మనిషి లేదు.

మా దగ్గర బదులు అని ఒక పద్ధతి. ఇవాళ నువ్వు నా చేనుకు రా, రేపు నేను నీ చేనుకు వస్తా, కూలి మాట ఉండదు. అయితే అది చేనున్నవాళ్ల మధ్యే. ఆశమ్మకు చేను లేదు. లేకపోతే ఏమైందని నేనే వాళ్లింటికి పోయి అడిగాను. ఆదివారం ప్రార్థన కాగానే ఆమె మా కల్లంలోకి వస్తుంది. వారంలో రెండు సాయంత్రాలు నేను యార్డులో సువార్త చోట కూర్చుంటాను.

అత్త నెత్తీ నోరూ కొట్టుకుంది.

"పసుపు పండిచ్చే ఇంటి కోడలు యార్డుల కూసొని సంచులు కుడుతదా? ఇజ్జత్ ఉన్నదా మనకు?"

"సంచుల ఉన్న పసుపు మనదే గదా అత్తా. మూతి కుడితే ఇజ్జత్ ఎట్ల పోతది?"

మొదటి రోజు దబ్బనం నా వేలిలో దిగింది. ఆశమ్మ నవ్వి, పక్కకు జరిగి చూపించింది.

"గట్ల గాదక్కా, లోపల్నించి పైకి తియ్యాలె. అవునూ, ఓడను గూడ గిట్లనే కుడుతున్రట గదా! మునగదా?"

"చుక్కాని పట్టేది మీ సువార్తనే. మునిగితే దాన్నే అడుగు."

"నా బిడ్డ పడితే మునుగదు" అంది ఆశమ్మ, సుతిలి పళ్లతో తెంపుతూ. అంత ధీమాగా ఆమె మాట్లాడడం నేను వినలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ కాలమంతా ఆశమ్మ మా కల్లంలో నడుం విరిగేలా పనిచేసింది. చాయ్ మాత్రం అరుగు మీదే తాగింది. ఆమె గ్లాసు అక్కడి గోడ గూట్లో వేరుగా ఉండేది. ఎవరూ లోపలికి వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. మా ఇంట్లో ఇలాంటివి గొంతు పెంచకుండానే జరిగిపోతాయి.

ఒక ఆదివారం వ్యానులో నేనూ పోచంపాడ్ పోయాను. ఓడను అప్పటికే నీళ్లలోకి దింపారు. పిల్లలు అయిదుగురొక తాడు పట్టుకుని వెనక్కి వాలి లాగుతున్నారు. ముందు తెరచాప దగ్గర మా దీక్షిత నిలబడి "ఎత్తు... ఎత్తు... కట్టు!" అని అరుస్తోంది. ఇంట్లో ఉప్పు అందించమంటే కూడా వినబడీ వినబడకుండా మాట్లాడే పిల్ల. తెరచాప గాలి పట్టి పొంగింది. వెనక చుక్కాని దగ్గర సువార్త రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, గాలి ఎటు తిరిగితే అటు మెల్లగా చుక్కాని తిప్పుతోంది. ఓడ గట్టు వదిలి ఒక్క చక్కర్ కొట్టి వచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనే, ఇందులో దాచేదేముంది?

దయాకర్ సారు ఒడ్డు మీద ఫోన్ పట్టుకుని ఫోటోలు తీస్తున్నాడు. "సూపర్ బేటా! ఇటు చూడు బేటా! నువ్వు కూడా బేటా!" అందరూ బేటాలే. ఆప్యాయత అనుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే దీక్షిత అరచేతులు పొక్కి, తోలు లేచిపోయింది. అత్త గొణుక్కుంటూనే పసుపు, వెన్న కలిపి రాసింది.

"సదువట, సదువు. గిదేం సదువే, చేతులు గిట్ల చేసెడి సదువు?"

ఫిబ్రవరి నెలాఖరున ప్రారంభం పెట్టారు. కట్ట పొడవునా ఫ్లెక్సీలు. అన్నిటిమీదా మన పిల్లల బొమ్మలే, తాళ్లు లాగుతూ, నవ్వుతూ. కింద "నౌకా రాణులు" అని బంగారు అక్షరాలు. మా వాడకట్టు సగం ట్రాక్టర్ ట్రాలీలో ఎక్కి వచ్చింది. మామ తెల్ల ధోవతి కట్టి, కొత్త రుమాలు చుట్టి, పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. "పొద్దున్నే లేచి తయారైండు, చూడు" అని అత్త నా చెవిలో నవ్వింది.

దిగి చూస్తే పిల్లలు ఓడ మీద లేరు. పదిమందికీ పసుపురంగు లంగా ఓణీలు కట్టించి, చేతికి పూల బుట్టలిచ్చి, దారికి అటూ ఇటూ నిలబెట్టారు. ఓడ మీద ఎవరో మగవాళ్లు ఉన్నారు. జరీ ధోవతులు, అతికించిన మీసాలు, చేతిలో ప్లాస్టిక్ ఈటెలు. ఈవెంట్ వాళ్లట, హైదరాబాద్ నుంచి పిలిపించారట. ఒకడు తెరచాప కొయ్యకు ఆనుకుని సెల్ఫీ తీసుకుంటున్నాడు. తెరచాపలు ముందే ఎత్తి కదలకుండా బిగించేశారు. ఓడ ముక్కుకు తాడు కట్టి, ఆ తాడు చివర ఒక మోటారు పడవ. అంటే ఓడను ఈడ్చుకుపోతారన్నమాట, చచ్చిన పశువును ఈడ్చినట్టు.

దీక్షిత నావైపు చూడలేదు. నేల చూస్తోంది. సువార్త పూల బుట్టను పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా పట్టుకుంది.

నేను దయాకర్ సారుకు ఎదురుపోయాను.

"సారూ, పిల్లలు ఓడ మీద గదా ఉండాలె?"

"ఉంటారమ్మా, తర్వాత. ఈరోజు పెద్దవాళ్లు ఎక్కుతున్నారు కదా, సేఫ్టీ చూసుకోవాలి."

"సేఫ్టీ కోసమేనా గీ మీసాలోళ్లు?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అదీకాక లోపల గంగమ్మ పూజ ఉందమ్మా. ఆడపిల్లలు... ఎవరు ఎలా ఉన్నారో మనం అడగలేం కదా. మీకు తెలియనిదేముంది?"

నా ఒళ్లు భగ్గుమంది. చలికాలమంతా చేతులు పొక్కేలా తాళ్లు లాగినప్పుడు ఎవరెలా ఉన్నారో అక్కర్లేదు. ఫ్లెక్సీ మీద బొమ్మకు అక్కర్లేదు. ఓడ ఎక్కే రోజుకు మాత్రం మైల గుర్తొచ్చింది! ఇంత మాట అంటున్నా ఆ నోట్లో బెల్లం కరగలేదు చూడండి, నాకు అందుకు ఇంకా మండింది.

"ఇదిగో, మీరు తల్లులంతా ఈ హారతి పళ్లేలు పట్టుకుని ఓడ ఎక్కే చెక్క దగ్గర నిలబడండి. మన పసుపు ఊరి సంప్రదాయం, చాలా బాగుంటుంది" అని నా చేతిలో పళ్లెం పెట్టి పోయాడు.

వెనక్కి తిరిగితే మామ. అంతా విన్నాడో, చూసే అర్థం చేసుకున్నాడో. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. కొత్త రుమాలు విప్పి భుజాన వేసుకున్నాడు.

"చూసిన గదా బిడ్డా. ఇగ పోదాం" అని ట్రాక్టర్ వైపు నడిచాడు.

అయిపోయిందనుకున్నాను. విశాఖపట్నం అక్కడే, ఆ గట్టు మీదే మునిగిపోయింది. చేతిలో పళ్లెం నీళ్లలోకి విసిరేయాలనిపించింది.

అప్పుడు మా అత్త ఒక పని చేసింది. కొత్తది ఏది కనబడినా, ట్రాక్టరైనా కుట్టు మిషనైనా, పసుపు పెట్టకుండా వదిలే మనిషి కాదు ఆమె. నా పళ్లెంలోంచి పసుపు తీసి, కొంగు నడుముకు చెక్కి, వంగి, గట్టు నుంచి ఓడలోకి వేసిన ఆ చెక్కకు ఈ కొస నుంచి ఆ కొసకు పూసేసింది. పైన కుంకుమ బొట్లు పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. బోడి చెక్క కాస్తా గడప అయింది. పైన మామిడాకుల తోరణం ఈవెంట్ వాళ్లే కట్టారు.

గడప అయ్యాక దానికో పద్ధతి ఉంటుంది. పెళ్లయి కొత్త జంట ఇంటికొస్తే ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడతారు. ఒకరి పేరు ఒకరు చెబితే గానీ లోపలికి వదలరు. వాడు ఎంతటివాడైనా సరే, ఎంత తొందరలో ఉన్నా సరే.

"ఆశమ్మా, ఇటు రా" అన్నాను. ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. తక్కిన తల్లులు కూడా జరిగారు. డప్పులతో, శాలువాలతో ముఖ్య అతిథి రానే వచ్చాడు. నెరిసిన జుట్టు, భారీ మనిషి. పిల్లలు ఆయన మీద పూలు చల్లారు. ఆయన చెక్క మీద కాలు పెట్టబోయాడు. నేను పళ్లెం అడ్డం పెట్టాను.

"ఆగుండ్రి సారూ. గడపకు పసుపు పెట్టినం. పేర్లు చెప్పి దాటాలె."

ఆయన సరదాపడ్డాడు. "ఓహో! ఎవరి పేరమ్మా? మా ఆవిడదా?"

"కాదు సారూ. ఓడ నేర్చిన పిల్లలు పదిమంది ఉన్నరు. ఆళ్ల పేర్లు."

అందరూ నవ్వారు. ఆయన పక్కకు తిరిగాడు. "చెప్పవయ్యా దయాకర్. నీ పిల్లలే కదా."

దయాకర్ సారు నవ్వాడు. నవ్వు ముఖాన అలాగే ఉండిపోయింది. దారి పక్కన నిలబడ్డ పిల్లల వైపు చూశాడు, ఫ్లెక్సీ వైపు చూశాడు. అక్కడ కూడా "నౌకా రాణులు" తప్ప ఏమీ లేదు.

"అంటే... అందరూ మన పిల్లలే సర్..."

"ఒక్కల పేరన్న చెప్పు సారూ" అంది ఆశమ్మ. యార్డులో కూడా ఎవరికీ ఎదురు చెప్పని ఆశమ్మ. "నీ గ్యారంటీ ఇని నా బిడ్డను తోలిన. దాని పేరేంది?"

ఎవరూ నవ్వలేదు. డప్పులు కూడా ఆగాయి. ఫోన్లు మాత్రం అన్నీ పైకి లేచాయి. దయాకర్ సారు నా దగ్గరికి వంగి, "ప్రోగ్రాం పాడు చేయకండమ్మా, మీడియా ఉంది" అన్నాడు పళ్ల మధ్యనుంచి. బెల్లం అప్పుడు కరిగింది.

"మంచిదే గదా. ఆళ్లు గూడ రాసుకుంటరు" అన్నాను గట్టిగా.

ముఖ్య అతిథి నవ్వు తగ్గించి అడిగాడు. "పేర్లు ఎవరికీ రావు. మరి ఎట్లమ్మా?"

"పేర్లు వచ్చినోళ్లు ఎక్కుతరు సారూ." నేను తల తిప్పాను. "దీక్షితా! పేరు చెప్పి ఎక్కు బిడ్డా. కుడికాలు ముందు పెట్టు."

దీక్షిత పూల బుట్ట కింద పెట్టి, ఓణీ కొంగు బిగించి నడుముకు చుట్టి వచ్చింది.

"నేను దీక్షిత. ముందు తెరచాప."

పళ్లెం పక్కకు తీశాను. ఎక్కింది.

"నేను సువార్త. చుక్కాని."

"నేను కరుణశ్రీ. ఎనుక తెరచాప."

ఒక్కొక్కరే వచ్చారు, పేరు చెప్పారు, గడప దాటారు. పదిమందీ ఎక్కాక ముఖ్య అతిథి బూట్లు విప్పాడు. తన పేరు తండ్రి పేరుతో సహా చెప్పి, వదులుతారా అన్నట్టు నా ముఖం చూశాడు. వదిలాను. మీసాలవాళ్లు ఈటెలు పట్టుకుని ఓడ వెనక వైపు నుంచి గట్టు మీదికి దిగిపోయారు.

"మోటర్ తాడు ఇప్పుండ్రి!" అని వెనక నుంచి సువార్త కేక వేసింది. ఎవరిని అడగాలో తెలియక పడవవాడు విప్పేశాడు. బిగించిన తెరచాప దించి పిల్లలు మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టారు. "ఎత్తు... ఎత్తు... కట్టు!" నా కూతురి గొంతు కట్ట మీదంతా వినబడింది. గుడ్డ గాలి పట్టింది. ఓడ తనంతట తను గట్టు వదిలింది.

నేను ట్రాక్టర్ వైపు చూశాను. మామ ట్రాలీ మీదికెక్కి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటికొచ్చి ట్రాలీ దిగుతూ అడిగాడు.

"గా ఎనుక నిలవడి తిప్పిన పిల్ల ఆశమ్మ బిడ్డనేనా?"

"అవును మామా."

తలూపి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

మరుసటి ఆదివారం వ్యాను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. దయాకర్ సారు ఫోన్ ఎత్తలేదు. బడికి మాత్రం కబురొచ్చింది, భద్రతా కారణాల వల్ల శిక్షణ ఆపేశామని. భద్రతట! ఆ ఓడ ఇప్పటికీ పోచంపాడ్ గట్టున లంగరేసి ఉంది. తెరచాపలు చుట్టి కట్టేశారు. పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలకు టికెట్ పెట్టి ఎక్కిస్తున్నారు. ఫ్లెక్సీ మీద మన పిల్లలు ఎండకు వెలిసిపోయి ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కింద పేర్లు ఇప్పటికీ లేవు. ఆ దారిన పోయినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, మండాలి కూడా.

విశాఖపట్నంలో సీటు దీక్షితకు వచ్చింది, సువార్తకూ వచ్చింది. సువార్త పోలేదు. ఆశమ్మ ఒంటి మనిషి, అంత దూరం పంపి ఇక్కడ ఒక్కతే నెగ్గుకురాలేనంది. అంతకంటే ఏం అనగలదు? ఓడను తిప్పిన చేతులు మళ్లీ దబ్బనం పట్టాయి.

దీక్షిత బయలుదేరిన పొద్దున మామే బ్యాగు సర్దించాడు, మాటిచ్చినట్టు తనే దింపి వస్తానని చెప్పులేసుకున్నాడు. వీధిలో ట్రాక్టర్ పెట్టి లోకేశ్ హారన్ కొట్టాడు. సాగనంపడానికి ఆశమ్మ, సువార్త వచ్చి ఎప్పటిలాగే అరుగు కింద నిలబడ్డారు. దీక్షిత మా అత్తకు, నాకు దండం పెట్టి గుమ్మం దాకా వచ్చింది. మామ గడపకు అడ్డం నిలబడ్డాడు.

మాట తప్పుతున్నాడా, ఇప్పుడా?

"పేర్లు చెప్పి దాటు" అన్నాడు. "పదిమందివి."

దీక్షిత నవ్వి మొదలుపెట్టింది. కరుణశ్రీ అంది, గంగమణి అంది, వరసగా చెప్పుకుంటూ పోయింది. తొమ్మిది పేర్లు అయ్యాయి. పదో పేరు దగ్గర ఆగిపోయింది. ఎదురుగా, అరుగు కింద, ఆ పిల్ల నిలబడి ఉంది మరి.

"ఇంకొక్కటున్నది" అన్నాడు మామ, కదలకుండా.

అప్పుడు అరుగు కింద నుంచి వినబడింది, ఓడ మీద వినబడినంత గట్టిగా.

"సువార్త. చుక్కాని."

మామ వెనక్కి తిరిగాడు. ఆ పిల్లను చూశాడు, ఆమె వెనక ఆశమ్మను చూశాడు. గోడ గూట్లో ఉన్న గ్లాసును కూడా చూశాడు. తర్వాత గడప మీంచి పక్కకు జరిగాడు.

"పేరు చెప్పినవ్ గదా" అన్నాడు. "ఆడ నిలవడ్డవేంది? అమ్మను గూడ తోల్కొని లోపటికి రా."